వానలో ఎలక్ట్రిక్ స్కూటర్ ఆగిపోయింది, లోపలికి నీళ్లు పోతే వారంటీ లేదంటున్నారు. ఏం చేయాలి?

మియాపూర్_మహేష్
ఏడాదిన్నర కింద ఎలక్ట్రిక్ స్కూటర్ తీసుకున్నా. షోరూమ్‌లో "ఐపీ67 సార్, వాన గురించి ఆలోచించే పనే లేదు" అని మరీ మరీ చెప్పారు. మొన్న శుక్రవారం రాయదుర్గంలో ఆఫీసు నుంచి బయల్దేరేసరికి కుండపోత. నీళ్లు నిలిచిన చోటల్లా పక్క నుంచే వచ్చాను. ఎక్కడా ఫుట్‌బోర్డు మునిగేంత లోతు లేదు. కొత్తగూడ దాటాక స్క్రీన్ మీద ఎర్ర గుర్తు వచ్చింది, ఆ తర్వాత ఎక్సలేటర్ ఎంత తిప్పినా బండి కదల్లేదు. హఫీజ్‌పేట ఫ్లైఓవర్ ఎక్కకముందే ఆగింది కాబట్టి సరిపోయింది.

మర్నాడు ట్రాలీ ఆటోలో వేసుకుని సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లా. మోటారుకి కరెంటు ఎంత ఇవ్వాలో చూసే కంట్రోలర్‌లోకి నీళ్లు పోయాయట, నీళ్ల వల్ల పాడైతే వారంటీ వర్తించదట, కొత్తది 19 వేలట. అంతా నోటిమాటే. బండికి మూడేళ్ల వారంటీ ఉంది. వానలో నడపకూడని బండైతే ఆ మాట కొనేటప్పుడే చెప్పాలి కదా. ఎవరికైనా ఇలా జరిగిందా? వారంటీలో చేశారా?

డెలివరీ_యాదగిరి
నేను ఫుడ్ డెలివరీ చేస్తా, పొద్దున్నుంచి రాత్రి దాకా ఎలక్ట్రిక్ బండి మీదే. వానాకాలం అంతా తడుస్తూనే ఉంటుంది. మైత్రీవనం దగ్గర, మలక్‌పేట రైల్వే బ్రిడ్జి దగ్గర పెట్రోల్ బండ్లు ఆగిపోయి జనం తోసుకుంటుంటే నేను పక్క నుంచి వెళ్లిపోయా. సైలెన్సర్ లేదు, గాలి పీల్చే గొట్టం లేదు, నీళ్లు ఎక్కడి నుంచి పోతాయి? మీ బండిలోనే ఏదో లోపం ఉంది, వదలకండి.

బెజవాడ_శ్రీను
ఐపీ67 అన్నది బ్యాటరీకా, మోటారుకా, మొత్తం బండికా? బ్రోచర్ ఒకసారి చూడండి. మా బండి బ్రోచర్‌లో బ్యాటరీకి అని ఉంది, కంట్రోలర్‌కి వేరే అంకె ఉంది. షోరూమ్‌లో మాత్రం అన్నిటికీ కలిపి ఒకటే మాట చెప్తారు.

సర్క్యూట్_రవి
శ్రీను గారు అడిగిందే అసలు ప్రశ్న. ఆ అంకెలకు అర్థం తెలిస్తే సర్వీస్ సెంటర్ వాళ్లతో మాట్లాడటం తేలిక.

67లో 6 అంటే దుమ్ము లోపలికి పోదు. 7 అంటే 1 మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు ఉంచినా హాని చేసేంత నీరు లోపలికి రాదు. మంచి అంకే. కానీ ఆ పరీక్ష ఎలా చేస్తారో చూడండి. కొత్త పరికరం, మామూలు మంచినీళ్లు, కదలని నీళ్లు. పైగా పరికరానికీ నీళ్లకీ వేడిలో తేడా 5 డిగ్రీలు మించకూడదు. మన రోడ్డు మీద జరిగేది వేరు. గంటసేపు ట్రాఫిక్‌లో నడిచి కంట్రోలర్ బాగా వేడెక్కి ఉంటుంది. దాని మీద చల్లటి వాన నీళ్లు పడగానే డబ్బాలో గాలి ఒక్కసారిగా ముడుచుకుంటుంది, సీలు ఎక్కడ కొంచెం వదులుగా ఉంటే అక్కడి నుంచి తేమను లోపలికి లాక్కుంటుంది. అందుకే బాగా తయారుచేసిన డబ్బాలకు గాలి మాత్రమే పోయే చిన్న పొర ఒకటి పెడతారు.

ఇంకో విషయం. రెండో అంకెలో 7 పాసైతే 5, 6 కూడా పాసైనట్టు అనుకుంటారు, అది తప్పు. 5, 6 పైపుతో జోరుగా కొట్టే నీళ్లకు సంబంధించినవి. నీళ్లలో ముంచితే తట్టుకున్నది పైపు ధారకు తట్టుకోవాలని లేదు. రెండూ విడివిడి పరీక్షలు.

బ్యాటరీ సంగతికొస్తే, 2022లో స్కూటర్లు వరుసగా తగలబడ్డాక బ్యాటరీ భద్రతకు సంబంధించిన ఏఐఎస్-156 నిబంధనలకు సవరణ తెచ్చారు. 2022 డిసెంబర్ 1 నుంచి ఒక దశ, 2023 మార్చి 31 నుంచి రెండో దశ అమల్లోకి వచ్చాయి. అప్పటి నుంచి బ్యాటరీ ప్యాక్ నీళ్లలో ముంచే పరీక్ష తట్టుకోవాలి. మహేష్ గారి బండి వయసు చూస్తే ఆ తర్వాత తయారైనదే. బ్యాటరీ గురించి టెన్షన్ వద్దు. గొడవంతా దాని చుట్టూ ఉన్న వైర్లలో, వాటిని కలిపే కప్లర్లలో ఉంటుంది.

రెంచి_బాబాయ్
తమ్ముడూ మహేష్, ఒక్క మాట చెప్పు. వానకు ముందు బండికి చివరిసారి ఏం పని చేయించావు? సర్వీస్, పంక్చర్, వాటర్ వాష్, ఏదైనా సరే.

మియాపూర్_మహేష్
@రెంచి_బాబాయ్ అదే వారం పెయిడ్ సర్వీస్ చేయించా. ఆ సర్వీస్ సెంటర్‌లోనే. బిల్లులో వాటర్ వాష్ కూడా ఉంది. బండి తెచ్చుకున్న రోజు బాగానే నడిచింది.

రెంచి_బాబాయ్
నాకు అనుమానం వచ్చింది అక్కడే. నేను ముప్పై ఏళ్లు పెట్రోల్ బండ్లు విప్పాను, ఇప్పుడు రెండు మూడేళ్లుగా ఎలక్ట్రిక్ బండ్లు కూడా వస్తున్నాయి. వానలో ఆగిపోయిందని తెచ్చిన బండ్లలో చాలావాటికి అసలు కారణం వాన కాదు, వాటర్ వాష్‌లో నీళ్లు జోరుగా కొట్టే ప్రెషర్ గన్. ఫుట్‌బోర్డు కింద బురద పోవాలని గన్ను కింద నుంచి పైకి పెట్టి కొడతారు. వాన పైనుంచి పడుతుంది, చక్రం కింద నుంచి చిమ్ముతుంది, దానికి తగ్గట్టే కప్లర్లను తలకిందులుగా వేలాడదీస్తారు. గన్ను నేరుగా కప్లర్ నోట్లోకి కొడుతుంది.

ఈ మధ్య ఒక బండి విప్పితే ఎలా ఉందో చెప్తా. కంట్రోలర్ దగ్గరి నల్ల కప్లర్, లోపల నారింజ రంగు రబ్బరు సీలు. ఆ సీలు ఒక మూల మెలిపడి గాడిలోంచి పైకి లేచి ఉంది. కప్లర్ లాగగానే లోపల నీటి బొట్టు కనిపించింది. ఏడెనిమిది పిన్నుల్లో రెండు పిన్నుల మొదట్లో పచ్చటి కిలుం పట్టింది, అగ్గిపుల్ల మొనతో గీకితే పొడిలా రాలింది. మిగతా పిన్నులు తళతళలాడుతున్నాయి. ఆ రెండు పిన్నులే మోటారు సెన్సర్‌వి. బ్లోయర్ గాలితో ఆరబెట్టి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, సీలు మార్చి బిగిస్తే బండి నడిచింది. ఆ కుర్రాడికి కూడా అంతకుముందు వేరేచోట కంట్రోలర్ పోయింది, మార్చాలన్నారు.

నీ బండి కంట్రోలర్ పోయిందో లేదో కప్లర్ విప్పి చూపించమను. ఎదురుగా నిలబడు, ఫోటో తీసుకో.

సర్క్యూట్_రవి
బాబాయ్ చెప్పింది జరిగి ఉండొచ్చు. కానీ వాష్ వల్లేనని ఇప్పుడే ఖాయం చేయడం తొందరపాటు. ఫ్యాక్టరీలోనే సీలు సరిగ్గా కూర్చోకపోయి ఉండొచ్చు. చాలా బండ్లలో లోపాన్ని చూపే ఎర్రర్ కోడ్ ఏ రోజు, ఏ సమయానికి వచ్చిందో బండి లోపలి రికార్డులో, అంటే లాగ్‌లో నమోదవుతుంది. వాష్ అయిన రోజు నుంచే ఇన్సులేషన్ గురించో సెన్సర్ గురించో కోడ్ వచ్చి పోతూ ఉంటే, వాన రాకముందే నీళ్లు లోపల ఉన్నట్టు. ఆ లాగ్ కాపీ అడగండి. ఎవరి మాట నిజమో అదే చెప్తుంది.

రెంచి_బాబాయ్
లాగ్ అడిగితే మంచిదే రవీ, కాదనను. కానీ లాగ్ వాళ్ల చేతిలో ఉంది, కిలుం మన కంటికి కనిపిస్తుంది. మామూలుగా రెండు రోజుల్లో అంతగా కిలుం పట్టదు. బాగా పట్టి ఉంటే నీళ్లు ముందు నుంచే ఉండొచ్చు. అప్పుడు మొన్నటి వాన మీద ఎలా తోస్తారు?

సర్క్యూట్_రవి
అది ఒప్పుకుంటున్నా. రెండూ చూడాలి.

డెలివరీ_యాదగిరి
బాబాయ్ మాట నిజమే. మా డెలివరీ గ్రూపులో ఎవ్వరం ప్రెషర్ వాష్ చేయించం. బకెట్ నీళ్లు, తడి గుడ్డ, అంతే.

స్నేహ_కాలేజ్
మా బండికి వాన పడితే టచ్ స్క్రీన్ పిచ్చి పిచ్చిగా చేస్తుంది. చినుకులు పడి దానంతట అదే మెనూలు నొక్కేసుకుంటుంది. నిన్న ఎస్ఆర్ నగర్ సిగ్నల్ దగ్గర ఎవరికో ఫోన్ కూడా కలపబోయింది 😄 చినుకు వేలి స్పర్శలా అనిపిస్తుందట. వానలో మోడ్ మార్చాలంటే హ్యాండిల్ దగ్గరి బటన్ వాడటమే మంచిది.

అసలు నా భయం బండి ఆగడం గురించి కాదు, జారడం గురించి. ఎక్సలేటర్ వదలగానే బండి వెనక్కి పట్టి లాగినట్టు ఆగుతుంది కదా, తడి రోడ్డు మీద వెనక చక్రం పక్కకి పోయినట్టు అనిపిస్తుంది. ఇంకెవరికైనా ఇలా ఉందా?

డెలివరీ_యాదగిరి
@స్నేహ_కాలేజ్ ఉంటుంది చెల్లీ. అది రీజెన్ బ్రేకింగ్. వదిలిన వెంటనే మోటారు వెనక చక్రాన్ని పట్టుకుంటుంది, అలా పుట్టిన కరెంటు బ్యాటరీకి పోతుంది. ఎక్సలేటర్ ఒక్కసారిగా వదలకు, నిదానంగా వదులు. సెట్టింగ్స్‌లో రీజెన్ తగ్గించే వీలుంటే వానాకాలం తగ్గించు. స్పోర్ట్ మోడ్ వద్దు, ఎకోలో పెట్టు. ఈ బండ్లకు మొదట్లోనే ఊపు ఎక్కువ, తడి జీబ్రా గీతల మీద సిగ్నల్ పడగానే గట్టిగా తిప్పితే చక్రం గిర్రున తిరుగుతుంది.

మొదటి వాన రోజు ఇంకా జాగ్రత్త. ఎండాకాలం అంతా రోడ్డు మీద పడ్డ ఆయిల్, దుమ్ము నీళ్లతో కలిసి సబ్బు నురగలా ఉంటుంది. మ్యాన్‌హోల్ మూతలు, పనులు జరిగేచోట వేసిన ఇనుప రేకులు, వీటి మీద బ్రేకు వేయకు, హ్యాండిల్ తిప్పకు. నేరుగా దాటెయ్.

సర్క్యూట్_రవి
దీనికి ఒకటి కలుపుతా. ఫుల్ ఛార్జింగ్‌తో ఇంటి నుంచి బయల్దేరినప్పుడు బ్యాటరీకి ఇంకా కరెంటు తీసుకునే చోటు ఉండదు, అందుకే రీజెన్ పనిచేయదు లేదా చాలా తక్కువగా పనిచేస్తుంది. కొంత దూరం పోయాక తిరిగి వస్తుంది. పొద్దున అపార్ట్‌మెంట్ ర్యాంపు దిగుతున్నప్పుడు రీజెన్ మీద ఆధారపడితే బండి అనుకున్నచోట ఆగదు. వాన ఉన్నప్పుడు రెండు బ్రేకుల మీద చేతులు ఉంచే దిగాలి. టైరు గాడిలో అరుగుదల గుర్తు ఉంటుంది, అది టైరు పైభాగంతో సమానమైతే మార్చేయండి. ఎలక్ట్రిక్ బండ్లకు వెనక టైరు త్వరగా అరుగుతుందని చాలామంది గమనించే ఉంటారు.

సుజాత_వైజాగ్
మాది మూడో అంతస్తు, కింద సెల్లార్‌లో ఛార్జింగ్. గోడకి ప్లగ్ పాయింట్ మోకాలి ఎత్తులో ఉంది. గట్టి వాన వస్తే సెల్లార్‌లోకి నీళ్లు వస్తాయి. మా అత్తగారు వాన పడితే ఛార్జింగ్ పెట్టనివ్వరు, బ్యాటరీ పేలిపోతుందని. ఆవిడ మాట కొట్టేయలేను, అలాగని మర్నాడు స్కూలుకి వెళ్లాలి. వాన పడుతున్నప్పుడు ఛార్జింగ్ పెట్టొచ్చా?

సర్క్యూట్_రవి
సుజాత గారూ, మీ అత్తగారి భయంలో న్యాయం ఉంది, కానీ ప్రమాదం ఆవిడ అనుకున్నచోట లేదు. స్కూటర్ బ్యాటరీ వోల్టేజ్ మామూలుగా 50, 60 వోల్టుల దగ్గర ఉంటుంది. గోడ ప్లగ్‌లో ఉన్నది 230 వోల్టులు. ప్రాణం తీసేది గోడవైపు ఉంది. తడి చేతులు, నేల మీద నీళ్లు, ఎర్తింగ్ లేని సాకెట్, కింద పడేసిన ఎక్స్‌టెన్షన్ బాక్స్. వానాకాలం షాకులు ఇలాగే కొడతాయి.

పైన కప్పు ఉండి, నేల పొడిగా ఉంటే బయట వాన పడుతున్నా ఛార్జింగ్ పెట్టొచ్చు. మీ సెల్లార్‌లోకి నీళ్లు వస్తాయి కాబట్టి ఆ పాయింట్‌ని ఛాతీ ఎత్తుకి మార్పించండి. 16 ఆంప్స్ సాకెట్, సరైన ఎర్తింగ్, ఆ లైనుకి 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ. ఎంసీబీ ఉంది కదా అని ఆగిపోవద్దు. ఎంసీబీ వైరు కాలిపోకుండా కాపాడుతుంది, మనిషికి షాక్ కొడుతుంటే ఆపేది ఆర్‌సీసీబీ.

నీళ్లు వచ్చేశాక ప్లగ్ తీయడానికి ఆ నీళ్లలోకి దిగొద్దు. పైన మెయిన్ ఆపాకే.

సుజాత_వైజాగ్
ఇది అత్తగారికి చదివి వినిపించా. "గోడ దగ్గరే ప్రమాదం అని నేనూ అన్నాను" అంటున్నారు 🙂 ఇంకోటి, మాకు సముద్రపు గాలి. ఛార్జింగ్ పోర్ట్ పిన్నులు నల్లబడుతున్నాయి.

రెంచి_బాబాయ్
ఉప్పు గాలికి అంతే అమ్మా. పోర్ట్ మూత ఎప్పుడూ మూసి ఉంచాలి, మూత రబ్బరు చినిగితే వెంటనే మార్పించాలి. తడిసిన బండిని ఇంటికి రాగానే ఛార్జింగ్ పెట్టకుండా పోర్ట్ పొడిగుడ్డతో తుడిచి, కాసేపు ఆరనివ్వాలి. నల్లబడిన పిన్నుని ఉప్పుకాగితంతో మాత్రం రుద్దొద్దు, పైన పూత పోతుంది. కాంటాక్ట్ క్లీనర్ చాలు. ఇంకోటి, వేడిగా ఉన్న తడి బండి మీద వెంటనే కవర్ కప్పితే లోపలే చెమటలా పట్టి రాత్రంతా ఉంటుంది.

పల్లె_ఈవీ
మా నాన్నకి ఊళ్లో రిజిస్ట్రేషన్ అక్కర్లేని చిన్న స్కూటర్ కొనిచ్చాను. 250 వాట్లు, 25 కిలోమీటర్ల వేగం. మీరు చెప్పే ఐపీ అంకెలు దాని కాగితాల్లో ఎక్కడా లేవు. పొలం దారిలో ఒక గుంటలో దిగి మోటారు ఆగిపోయింది. అమ్మిన షాపు అతను ఫోన్ ఎత్తడు.

రెంచి_బాబాయ్
వాటికి మోటారు చక్రంలోనే ఉంటుంది. ఇరుసు పక్క నుంచి వైరు లోపలికి పోయే చోట నీళ్లు పోతాయి. విప్పి ఆరబెట్టి, బేరింగ్ సీలు మార్చి, వైరు పోయే చోట సిలికాన్ పెడితే చాలాసార్లు దారికొస్తుంది. లోపల చక్రం తిరగడాన్ని గమనించే హాల్ సెన్సర్ పోతే అది చిన్న భాగమే, మోటారు మొత్తం మార్చక్కర్లేదు. ఆ వైరు ఇరుసు దగ్గర కిందికి వంగి వేలాడేలా కట్టించు, నీళ్లు వైరు వెంట జారి లోపలికి పోకుండా కింద పడిపోతాయి. నాన్నగారికి ఇరుసు మునిగే నీళ్లలో దించొద్దని చెప్పు.

బెజవాడ_శ్రీను
దారిలో గుంట వేరు, నిజంగా మునిగిపోవడం వేరు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు ముంచెత్తినప్పుడు మా బంధువులు సింగ్ నగర్‌లో ఉన్నారు. రోజుల తరబడి నీళ్లు దిగలేదు. వీధిలో పెట్రోల్ బండ్లు, ఎలక్ట్రిక్ బండ్లు అన్నీ హ్యాండిల్స్ కూడా కనిపించనంతగా మునిగాయి. నీళ్లు తీశాక మా వాళ్ల పక్కింటాయన బండి కడిగేసి, ఎండలో పెట్టి, తాళం తిప్పి చూద్దామన్నాడు. వాళ్లబ్బాయి ఒప్పుకోలేదు. మంచి పని చేశాడు. ఐపీ67 అరగంటకి, రోజులకి కాదు.

అలా మునిగిన బండిని ఆన్ చేయకూడదు, ఛార్జింగ్ పెట్టకూడదు, ఇంట్లోకి, సెల్లార్‌లోకి తీసుకురాకూడదు. గోడలకి, మిగతా బండ్లకి దూరంగా ఆరుబయట పెట్టాలి. నీళ్లు లోపలికి పోయిన లిథియం బ్యాటరీ వెంటనే ఏమీ కానట్టే ఉండి కొన్ని రోజుల తర్వాత కూడా అంటుకోవచ్చు. ఉప్పు నీళ్లైతే మరీ ప్రమాదం. 2022లో అమెరికాలో ఫ్లోరిడా తుపాను తర్వాత సముద్రపు నీళ్లలో మునిగిన కార్లు అలాగే తగలబడ్డాయి. తీరంలో ఉండే మనవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

పాలసీ_పద్మజ
శ్రీను గారు వరద మాట ఎత్తారు కాబట్టి ఇన్సూరెన్స్ గురించి చెప్పాలి. నేను ఈ రంగంలోనే పనిచేస్తున్నా. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

2018 సెప్టెంబర్ నుంచి కొత్త టూ వీలర్‌కి ఐదేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి. దాంతోపాటు ఓన్ డ్యామేజ్, అంటే మన సొంత బండి నష్టానికి ఇచ్చే కవర్, చాలామందికి ఒక్క ఏడాదికే ఇస్తారు. కాగితం మీద ఐదేళ్లు అని చూసి అంతా ఉందనుకుంటారు. రెండో ఏడాది నుంచి ఓన్ డ్యామేజ్ కట్టకపోతే వరదకి, దొంగతనానికి, కాలిపోతే పైసా రాదు. థర్డ్ పార్టీ అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికే. ఇప్పుడే పాలసీ తీసి రెండు గడువు తేదీలు విడివిడిగా చూడండి. బ్యాటరీ, మోటారులోకి నీళ్లు పోతే వర్తించే అదనపు కవర్ ఉంటుంది, అది ఉందో లేదో కూడా.

బండి మునిగితే కదపకముందే ఫోటోలు, వీడియో తీయండి, వెంటనే కంపెనీకి చెప్పండి. మునిగిందని తెలిసీ స్టార్ట్ చేస్తే, పాడైంది దానివల్లే అని క్లెయిమ్‌లో పేచీ పెట్టే అవకాశం ఇచ్చినట్టే.

మహేష్ గారి కేసు క్లెయిమ్ కన్నా వారంటీ వైపే బలంగా ఉంది. మూడు పనులు చేయండి. వారంటీ ఎందుకు రాదో కారణంతో సహా సర్వీస్ సెంటర్ వాళ్ల జాబ్ కార్డు మీద రాసి ఇమ్మనండి. వాటర్ వాష్ ఉన్న బిల్లు జాగ్రత్త చేయండి. ఐపీ67 అని ఉన్న బ్రోచర్ లేదా వెబ్‌సైట్ పేజీ కాపీ పెట్టుకోండి. అయినా కాదంటే 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు. అదీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు.

డెలివరీ_యాదగిరి
రాసివ్వమంటే సగం మంది అక్కడే దిగొస్తారు అక్కా. నా ఛార్జర్ విషయంలో అలాగే అయింది.

మియాపూర్_మహేష్
ఈ రోజు వెళ్లొచ్చా. కారణం రాసి ఇమ్మని అడిగితే మొదట సర్వీస్ అడ్వైజర్ కుదరదన్నాడు. వాష్ బిల్లు చూపించి, కప్లర్ నా ముందే విప్పమన్నా. మేనేజర్ వచ్చాడు, విప్పారు. సీలు గాడిలోంచి తప్పి ఉంది, మూడు పిన్నుల దగ్గర పచ్చగా ఉంది. ఫోటోలు తీసుకున్నా. ఆరబెట్టి సీలు మార్చి చూస్తామన్నారు, కంట్రోలర్ నిజంగా పోయి ఉంటే లాగ్‌తో పాటు వారంటీ రిక్వెస్ట్ పంపుతామని జాబ్ కార్డు మీద రాశారు. బండి ఇంకా అక్కడే ఉంది.

రెంచి_బాబాయ్
మంచి పని చేశావు. బండి ఇచ్చేటప్పుడు వాష్ వద్దని జాబ్ కార్డు మీద రాయించు. లేకపోతే బాగు చేసి మళ్లీ గన్నుతో కడిగి ఇస్తారు.

సర్క్యూట్_రవి
ఫోటోలు ఇక్కడ పెట్టండి మహేష్ గారూ. ఏ పిన్నులో తెలిస్తే కంట్రోలర్ పోయిందో లేదో కొంతవరకు చెప్పొచ్చు.

సుజాత_వైజాగ్
రవి గారూ, ఎలక్ట్రీషియన్ ఆదివారం వస్తానన్నాడు. ఆర్‌సీసీబీ 100 మిల్లీఆంప్స్‌ది తన దగ్గర ఉంది, అది సరిపోతుందంటున్నాడు. పెట్టించనా?

సర్క్యూట్_రవి
వద్దు. 100ది మంటల నుంచి రక్షణకు వాడతారు, మనిషిని షాక్ నుంచి కాపాడాలంటే 30దే. బయట కొని అతనికి ఇవ్వండి. పెట్టాక దాని మీద ఉన్న టెస్ట్ బటన్ నొక్కితే కరెంటు ఆగుతుందో లేదో మీ ముందే చూపించమనండి. ఎర్తింగ్ కూడా అతను వచ్చినప్పుడే చూపించుకోండి, సాకెట్‌లో మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన దాని వెనక వైరు ఉన్నట్టు కాదు.